ముట్లుడిగే వయస్సు - మనస్సుకు చికిత్స

1996లో భారత ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అనే ఒక కొత్త పథకాన్ని మొట్టమొదట నాలుగు జిల్లాలలో ప్రారంభించింది. అస్సాంలో నౌగాఁవ్, రాజస్థానంలో సీకర్, తమిళనాడులో తిరుచిరాపల్లి, అప్పటి ఆంధ్రప్రదేశంలో మెదక్ - ఇవే ఆ నాలుగు జిల్లాలు. మనోవ్యాధికి మందు కావలెనంటే పట్నంలోని పెద్ద ఆస్పత్రికే పోవలెనని, పోయినట్లు నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని జనం అనుకొనే రోజులవి. అటువంటి కాలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని సాధారణ వైద్యునికే శిక్షణ ఇచ్చి, మనస్సుకు సంబంధించిన రుగ్మతలను ఊరి దగ్గరనే గుర్తించి నయం చేయవచ్చునని బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థవారు 1985 మొదలుకొని బళ్లారి జిల్లాలో చేసి చూపారు. ఆ బళ్లారి పద్ధతే మెదక్ జిల్లాకు వచ్చింది.

ఆ పద్ధతి ముఖ్యంగా తీవ్రమైన జబ్బులను - స్కిజోఫ్రీనియా, మూర్ఛ, తీవ్రమైన మనోవ్యాకులత వంటివాటిని - దృష్టిలో పెట్టుకొని రూపొందినది. ముందుగా వాటిని పట్టించుకోవడం సబబే. ఐతే ఇంచుమించు ప్రతి ఇంటిలోను ఒక దశలో కనిపించే ఒక బాధ ఆ పట్టికలలో సులభంగా ఇమడదు. నలభై దాటిన ఇల్లాలికి చెప్పుకోదగిన కారణమేదీ లేకుండా కన్నీరు పొంగుకొని వస్తుంది. పిల్లవాడు చెంబు కిందపెట్టిన చప్పుడుకే కోపం వస్తుంది. రాత్రి రెండు గంటలకు ఒళ్లంతా చెమటతో తడిసి మెలకువ వస్తుంది. మరి తెల్లవారేదాకా నిద్ర రాదు. ఇంటివారు ఆమె గుణం మారిందంటారు, కొందరు గాలి సోకిందంటారు. వైద్యుని దగ్గరకు పోతే నీరసమని బలానికి ఒక సూది వేసి పంపడం కద్దు. ఈ బాధ ఏమిటి? దీనిలో శరీరం పాలు ఎంత, మనస్సు పాలు ఎంత? మాటలతో చేసే చికిత్స దీనికి ఎట్లా పనిచేస్తుంది?

తెలుగులో ఈ దశకు ముట్లుడుగుట అని చక్కని మాట ఉన్నది. ఉడుగుట అంటే క్రమంగా తగ్గి ఆగిపోవడం. వయస్సుడిగిన మనిషి అంటాము కదా. ఫ్రెంచి వైద్యుడు గార్దాన్ 1821లో మెనోపాజ్ అనే పదాన్ని వాడుకలోకి తెచ్చేనాటికే మన ఆడవారి నోట ఉన్న ఈ మాటలో, ఇది ఒక్క రోజున జరిగేది కాదనే సంగతి కూడ ఇమిడి ఉన్నది. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం, మరే ఇతర కారణమూ లేకుండా వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే అది పూర్తిగా ఉడిగినట్లు. దానికి ముందు కొన్ని సంవత్సరాలు - సాధారణంగా నాలుగు, ఒక్కొక్కరికి ఏడెనిమిది కూడ - ఒక సంధికాలం నడుస్తుంది. మనస్సుకు ఎక్కువ ఒడుదుడుకులు కలిగేది ఈ సంధికాలంలోనే. ఐరోపా, అమెరికాలలో ముట్లుడిగే సగటు వయస్సు సుమారు 51 సంవత్సరాలు. మన దేశంలో సుమారు 46, 47. అందుచేత సంధికాలం మన స్త్రీలలో నలభై దాటీ దాటకముందే మొదలు కావచ్చును.

ఆడశిశువు పుట్టేనాటికి ఆమె రెండు అండాశయాలలో 10 లక్షల నుండి 20 లక్షల దాకా అండపుటికలు ఉంటవి. కొత్తవి తయారు కావు. రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతవి. ముట్లుడిగేనాటికి సుమారు వెయ్యి. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ముఖ్యంగా ఈ పుటికలలోనే తయారవుతుంది. పుటికలు తరిగిపోతున్నకొద్దీ, మెదడు కిందనున్న పీయూష గ్రంథి తన ఉత్తేజక హార్మోనును మరింతగా పంపి అండాశయాన్ని అదిలిస్తుంది. అదిలించినప్పుడల్లా అండాశయం ఒకేరీతిగా బదులు పలకదు. ఒక నెలలో ఈస్ట్రోజెన్ మునుపటికంటె హెచ్చుగా వస్తుంది, మరుసటి నెలలో అడుగంటుతుంది. నూనె తరిగిన దీపం ఆరిపోయే ముందు ఒకసారి కునికి ఒకసారి భగ్గుమన్నట్లన్నమాట. ఈస్ట్రోజెన్ మెల్లగా తగ్గిపోతూ ఉంటుందని చాలామంది అనుకొంటారు. సంధికాలంలో జరిగేది అది కాదు. మనిషిని కుదిపేది తక్కువ కావడం కంటె, నిలకడ లేకపోవడం.

ఈస్ట్రోజెన్ పని గర్భసంచితో ముగియదు. మెదడులోని అనేక భాగాలలో దానిని అందుకొనే గ్రాహకాలు ఉన్నవి. శరీరపు వేడిని అదుపులో ఉంచే హైపోథలామస్ అందులో ఒకటి. అక్కడ న్యూరోకైనిన్ అనే పదార్థాన్ని స్రవించే కొన్ని నాడీకణాలకు ఈస్ట్రోజెన్ కళ్లెం వంటిది. ఆ కళ్లెం సడలినప్పుడు అవి విజృంభించి వేడిని కొలిచే యంత్రాన్ని తప్పుదారి పట్టిస్తవి. మామూలుగా శరీరపు వేడి కొద్దిగా పెరిగినా తగ్గినా మెదడు పట్టించుకోదు. ఈ దశలో ఆ వెసులుబాటు మిక్కిలి ఇరుకైపోతుంది. ఒక గ్లాసు వేడి టీ తాగినా, దుప్పటి కప్పుకొన్నా చాలు, ఒళ్లు కాలిపోతున్నదని మెదడు పొరబడి చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి చెమట పట్టిస్తుంది. ముఖానికి, మెడకు, ఎదకు ఎగబాకే ఆవిర్లు ఇవే. ఈ నాడీకణాల మార్గాన్ని అడ్డగించే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది.

నిద్ర, ఉత్సాహం, కోపం, దిగులు - వీటితో సంబంధమున్న సెరొటోనిన్ మీద కూడ ఈస్ట్రోజెన్ ప్రభావం ఉన్నది. పూర్వం ఎన్నడూ మనోవ్యాకులత లేని స్త్రీలను కొన్ని సంవత్సరాల పాటు పరిశీలించగా, ముట్లు సక్రమంగా ఉన్న కాలంతో పోలిస్తే సంధికాలంలో అది తలయెత్తే అవకాశం ఇంచుమించు రెట్టింపు అని 2006లో అమెరికాలో తేలింది. ఐతే అందరికీ ఇట్లా జరగదు. 2015లో ప్రకటితమైన మరొక ప్రయోగంలో, సంధికాలపు మనోవ్యాకులతకు లోనై ఈస్ట్రోజెన్ చికిత్సతో కోలుకొన్న స్త్రీలకు, వారికి తెలియకుండా ఆ మందును ఆపివేశారు. దిగులు తిరిగి వచ్చింది. పూర్వం ఆ జబ్బు లేనివారికి అదే విధంగా ఆపినప్పుడు ఏమీ కాలేదు. హార్మోను మార్పు ఇద్దరిలోను ఒక్కటే. దానికి చలించే స్వభావం మాత్రం కొందరి మెదడులోనే ఉన్నదన్నమాట. "మాకు లేని బాధ నీకెందుకు?" అని తోడికోడలు, అత్తగారు అడగడంలో శాస్త్రం లేదు.

పాశ్చాత్య వైద్యులు కూడ దీనిని చాలాకాలం సరిగా అర్థం చేసుకోలేదు. జర్మన్ మనోవైద్యుడు క్రేపెలిన్ వయస్సు మళ్లినవారికి వచ్చే దిగులు ఒక ప్రత్యేకమైన జబ్బని పేరు పెట్టాడు. ముట్లుడిగిన స్త్రీకి మతి చలించడం సహజమని దానితోపాటు ఒక అపోహ కూడ పాతుకొన్నది. ఆ పేరును 1980లో అమెరికా మనోవైద్యులు తమ పట్టికనుండి తొలగించారు.

మార్షా ఫ్లింట్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 1975లో ప్రకటించిన పరిశీలన ఇక్కడ చెప్పుకోదగినది. ఆమె రాజస్థాన్, హిమాచల్ ప్రాంతాలలోని రాజపుత్ర స్త్రీలను ప్రశ్నించినప్పుడు, ముట్టు ఆగడం తప్ప వేరే బాధ చెప్పినవారు బహు తక్కువ. ముట్టు ఆగితే వారికి పరదా కట్టుబాట్లు సడలి నలుగురిలో కూర్చొనే స్వేచ్ఛ వస్తుంది. ఆ పరిశీలనను తరువాతివారు కొంత విమర్శించారు. అడగకపోతే చెప్పనివారు, చెప్పడానికి సిగ్గుపడేవారు ఎందరో ఉంటారు. కాని అందులో ఒక నిజం మిగిలే ఉన్నది. ముట్టు మైల అన్న కట్టుబాటు ఉన్న ఇండ్లలో అది ఆగిపోతే ఒక బరువు దిగినట్లే. ఏడుపాయల జాతర నాటికి ముట్టు వస్తుందేమోనని వేళ్లమీద లెక్కపెట్టుకొనే పని మెదక్ ప్రాంతపు స్త్రీకి ఇక లేదు. అదే మార్పును ఒకరు విడుదల అనుకొంటే, మరొకరు "ఇక నా పని అయిపోయింది" అనుకొంటారు. శరీరంలో జరిగే దానికి మనస్సు చెప్పుకొనే అర్థం ఆ బాధను పెంచగలదు, తగ్గించగలదు. మాటల చికిత్స పట్టుకొన్న కొస ఇదే.

మెదక్ జిల్లాలో ఈ సంగతికి మరొక ముఖం ఉన్నది. అది చెప్పకపోతే చిత్రం సగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేసే ఆపరేషను జరిగి ఉన్నది. తెలంగాణలోను, ఆంధ్రప్రదేశంలోను నూటికి ఎనిమిదిమందికి పైన. మెదక్ జిల్లా కౌడిపల్లి మండలంలో వైద్యులు కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి జరిపి 2009లో వెల్లడించిన పరిశీలన ఈ విషయాన్ని మొదట బయటపెట్టినవాటిలో ఒకటి. తెల్లబట్ట, కడుపునొప్పి, ముట్టు తేడా వంటి, మందులతో నయం కాగల బాధలకు చిన్న వయస్సులోనే గర్భసంచి తీయించుకొన్న స్త్రీలు అక్కడ కనిపించారు. క్యాన్సరు వస్తుందన్న భయం, పిల్లలు పుట్టినాక గర్భసంచితో పనేమి అన్న మాట - ఈ రెండూ చాలు, అప్పు చేసియైనా ఆపరేషను చేయించుకోవడానికి.

విద్యార్థులు ఇక్కడ ఒక భేదం గుర్తించవలె. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుంది కాని హార్మోను ఆగదు. దానితోపాటు రెండు అండాశయాలనూ తీసివేస్తే, పదేండ్లలో జరగవలసిన మార్పు ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. ముప్పై అయిదేండ్ల యువతి తెల్లవారేసరికి యాభై ఏండ్ల స్త్రీ దశలోకి పడుతుంది. ఆవిర్లు, నిద్రలేమి, దిగులు తీవ్రంగా ఉంటవి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు కూడ ముందుగా వచ్చే ప్రమాదమున్నది. అండాశయాలను ఉంచినా నష్టం పూర్తిగా తప్పదు. అట్టివారిలో అండాశయాలు ముందుగా ఉడిగిపోయే అవకాశం ఇంచుమించు రెట్టింపు అని 2011లో ఒక అమెరికా అధ్యయనం తెలిపింది. తనకు ఏమి తీశారో, ఏమి ఉంచారో తెలియని స్త్రీలు ఎందరో ఉన్నారు. అనవసరపు ఆపరేషనులను అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిని మూడు నెలలలో అమలులో పెట్టవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఇక చికిత్స. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 1960 తరువాతి సంవత్సరాలలో ఆరన్ బెక్ అనే వైద్యుడు మనోవ్యాకులతకు ఒక కొత్త పద్ధతిని రూపొందించాడు. దీనిని మన పాఠ్యగ్రంథాలలో సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స అంటారు. ఆలోచన-ప్రవర్తన చికిత్స అంటే సులభంగా తెలుస్తుంది. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో మైరా హంటర్ అనే మనశ్శాస్త్రజ్ఞురాలు దానిని ముట్లుడిగే దశకు అనువుగా మలిచింది.

దాని తీరు ఒక ఉదాహరణతో చూద్దాము. మెదక్ పట్టణంలో ఒక మహిళా సంఘం కూర్చున్నదనుకొందాము. నలభై అయిదేండ్ల ఒక సభ్యురాలు లేచి పొదుపు లెక్క చదువుతున్నది. ఇంతలో ఆవిరి ఎగబాకి ముఖం ఎర్రబడింది, చెమటలు కారినవి. ఆమె చటుక్కున కూర్చున్నది. మరుసటి వారం సంఘానికి రాలేదు. తరువాత పెండ్లిళ్లకు, అంగడికి పోవడం కూడ మానివేసింది. ఇంట్లో ఒంటరిగా కూర్చొని, తాను ఎందుకూ పనికిరానిదాన్నని కుమిలిపోతున్నది.

ఆమె దగ్గర కూర్చొన్న సలహాదారు మొదట అడిగే ప్రశ్న ఇది: "అక్కా, చెమట పట్టినప్పుడు నీ మనసుల ఏమనిపించింది?"

"అందరు నన్నే చూస్తున్నరు, నన్ను చూసి నవ్వుకుంటున్నరు అనిపించింది."

గొలుసంతా ఇక్కడ బయటపడింది. ఆవిరి శరీరానిది. "నవ్వుకుంటున్నారు" అన్నది మనస్సు చేర్చినది. ఆ తలపుతో గుండె వేగం హెచ్చుతుంది, ఒళ్లు మరింత వేడెక్కుతుంది, ఆవిరి మరింత ముదురుతుంది. సంఘం మానివేయడం ప్రవర్తన. దానివలన తప్పించుకొన్నానన్న ఊరట కొద్దిసేపు, ఒంటరితనపు దిగులు ఎక్కువకాలం. చికిత్స ఈ గొలుసును రెండు మూడు చోట్ల తెంపుతుంది. "అంతా నీ భ్రమ, మరచిపో" అని చెప్పడం చికిత్స కాదు. ఆమె తలపును ఆమెయే పరీక్షించుకోవలె. సంఘంలో చెమట పట్టిన మరొక స్త్రీని చూసి ఆమె ఎన్నడైనా నవ్విందా? పక్కన కూర్చున్నవారిని అడిగితే ఏమన్నారు? చాలాసార్లు పక్కవారు గమనించనే లేదని తేలుతుంది. ఒకరిద్దరు తమకూ అట్లాగే అవుతున్నదని చెప్పడమూ కద్దు.

దీనితోపాటు శ్వాస అభ్యాసం. ఆవిరి మొదలవుతున్నట్లు తోచగానే భుజాలు వదులుచేసి, పొట్ట కదిలేటట్లు మెల్లగా ఊపిరి విడిచి తీసుకోవలె. ఆవిరితో పోరాడకుండా దానిని అలలాగ వచ్చి పోనివ్వవలె. నిద్రకు వేరే పాఠమున్నది. నిద్ర పట్టక పడకమీద దొర్లుతూ "రేపు నాట్లకు ఎట్లా పోయేది" అని లెక్కలు వేయడం కంటె లేచి కాసేపు కూర్చొని, కునుకు వచ్చినప్పుడు పడుకొని, ఎట్లా పడుకొన్నా ఉదయం ఒకే వేళకు లేవడం మేలు. పగలు కునుకులు తీస్తే రాత్రి నిద్ర ఇంకా పలచబడుతుంది. మానివేసిన పనులను ఒక్కొక్కటిగా తిరిగి చేపట్టడం మరొక అంగం. మొదట పక్కింటిదాకా, తరువాత అంగడిదాకా, ఆపైన సంఘానికి. ఉత్సాహం వచ్చినాక పని చేద్దామని కూర్చొంటే అది రాదు. పని మొదలుపెడితే వెనుకనే ఉత్సాహం వస్తుంది.

ఇది వట్టి ఓదార్పు కాదనడానికి లెక్కలున్నవి. హంటర్ బృందం 140 మంది స్త్రీలను మూడు జట్లుగా చేసి 2012లో ఫలితాలు ప్రకటించింది. ఒక జట్టుకు వారానికి రెండు గంటల చొప్పున నాలుగు వారాలు సామూహిక చికిత్స; ఒక జట్టుకు ఇంట్లో చదువుకొని అభ్యసించే పుస్తకం; మూడవ జట్టుకు ఏమీ లేదు. ఆరు వారాల తరువాత ఆవిర్ల బాధ చెప్పుకోదగినంత తగ్గినవారు మొదటి జట్టులో నూటికి 65, పుస్తకం జట్టులో 73, ఏమీ లేని జట్టులో 21. విశేషమేమంటే, రోజుకు వచ్చే ఆవిర్ల సంఖ్యలో అంత తేడా లేదు. తగ్గినది వాటివలన కలిగే బాధ. ముట్లుడిగే దశలోని దిగులుకు, ఆందోళనకు ఈ చికిత్సను పరిశీలించవలెనని బ్రిటన్‌లోని నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2015లో వైద్యులకు సూచించింది.

ఈ చికిత్సను హార్మోను చికిత్సకు పోటీగా నిలపడం పొరబాటు. 2002లో అమెరికాలో ఒక పెద్ద ప్రయోగాన్ని రొమ్ముక్యాన్సరు, పక్షవాతం వంటి ప్రమాదాల దృష్ట్యా మధ్యలో ఆపినందున హార్మోనులంటే అందరికీ భయం పట్టుకొన్నది. ఆ ప్రయోగంలో పాల్గొన్నవారి సగటు వయస్సు 63 సంవత్సరాలు. నలభై, యాభైలలోని స్త్రీకి ఆ లెక్కలు యథాతథంగా వర్తించవని తరువాత తేటపడినది. ముఖ్యంగా చిన్న వయస్సులోనే అండాశయాలు కోల్పోయిన స్త్రీకి, రొమ్ముక్యాన్సరు వంటి అభ్యంతరం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయస్సు దాకా హార్మోను ఇవ్వడం వైద్యుల సాధారణ అభిప్రాయం. అటువంటి స్త్రీ ఎముకలను మాటలు కాపాడలేవు. దిగులు తీవ్రమైతే దానికి మందులు కూడ అవసరమవుతవి. రక్తహీనత, థైరాయిడు గ్రంథి లోపం కూడ ఇదే విధమైన నీరసాన్ని, దిగులును కలిగిస్తవి గనుక ముందుగా రక్తపరీక్ష చేయించడం ఉచితం. ఏడాది పాటు ముట్టు ఆగిన తరువాత మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయక పరీక్ష చేయించుకోవలె. అది వయస్సు లక్షణం కాదు. అట్లాగే, నలభైలలోని ప్రతి కన్నీటికీ హార్మోనే కారణమనడం కూడ సరికాదు. కూతురి పెండ్లి అప్పు, భర్త తాగుడు, రోజంతా బీడీలు చుట్టినా చాలని కూలి - వీటి దిగులుకు అండాశయాన్ని నిందించి లాభం లేదు.

లండన్ మనశ్శాస్త్రజ్ఞులు మెదక్‌కు రారు. అక్కడి జనాభాకు సరిపడా శిక్షితులైన నిపుణులు మన దేశంలో లేరు. ఈ చిక్కుకు ఒక దారి గోవాలో కనిపించింది. విక్రమ్ పటేల్ బృందం మనోవైద్యంతో పూర్వపరిచయం లేని స్థానికులను ఎన్నిక చేసి, శిక్షణ ఇచ్చి, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నియమించింది. వారు తీవ్రమైన మనోవ్యాకులత గలవారితో ఆరు నుండి ఎనిమిది సార్లు, ఆరోగ్య కేంద్రంలోనో ఇంటి దగ్గరనో కూర్చొని, మానివేసిన పనులను తిరిగి చేపట్టించే చికిత్స నడిపారు. పాల్గొన్న 495 మందిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. మూడు నెలల తరువాత, ఈ సలహా పొందినవారిలో నూటికి 64 మంది, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 మంది జబ్బునుండి బయటపడ్డారు. అది ముట్లుడిగే దశకు ప్రత్యేకించిన ప్రయోగం కాదు. కాని చికిత్సలోని ముఖ్యాంగం ఒకటే. ఆశా కార్యకర్త, మహిళా సంఘం ఉన్న ఏ ఊరిలోనైనా దానికి కావలసిన మనుషులు ఉన్నట్లే.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో, మంగళవారాలలో స్త్రీలకు ప్రత్యేకంగా నడిచే వైద్యశాలలను ప్రారంభించినప్పుడు, వాటి సేవలలో ముట్లుడిగే దశకు సలహా, మందులు కూడ చేర్చింది. టెలీ మానస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ 2022 అక్టోబరు 10న మొదలైనది. 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చును. చనిపోవలెనన్న తలపు వచ్చినప్పుడైతే ఏ వేళ అని చూడవలసిన పని లేదు. ఫోనులోనైనా, వైద్యుని ఎదుటనైనా ముందే చెప్పవలసినవి మూడు: చివరి ముట్టు ఎప్పుడు వచ్చింది, గర్భసంచి ఆపరేషను జరిగిందా, జరిగితే అండాశయాలు ఉన్నవా తీశారా. మూడవదానికి జవాబు ఆస్పత్రివారు ఇచ్చిన చీటీలో ఉంటుంది. అది ట్రంకుపెట్టె అడుగున పడి ఉంటే, వెదికి వెంట తీసుకొనిపోవడం మంచిది.